ఆన్‌లైన్ స్కూలా, ఇంటి చదువా: ముందు పదో తరగతి సర్టిఫికెట్ సంగతి తేల్చుకోండి

ఏడో తరగతి బాబుని బడి మానిపించి ఆన్‌లైన్ స్కూల్లో చేర్చాలా, పుస్తకాలు కొని ఇంట్లో చెప్పాలా అని ఆలోచిస్తున్నారా? ఫీజులు, యాప్‌లు పోల్చి చూస్తున్నారు కాబట్టే ఎటూ తేలట్లేదు. అది తర్వాత. పదో తరగతి సర్టిఫికెట్ ఎవరిస్తారు? అక్కడి నుంచి వెనక్కి రండి.

1. ఆన్‌లైన్ స్కూల్ వాళ్లను అడగండి: పరీక్ష ఏ బోర్డుది, ఏ సెంటర్‌లో, రిజిస్ట్రేషన్ ఎవరు చేస్తారు? జవాబు ఫోన్లో కాదు, మెయిల్‌లో తీసుకోండి. ‘సీబీఎస్‌ఈ సిలబస్’ అంటే సీబీఎస్‌ఈ సర్టిఫికెట్ అని కాదు. అందరూ జారేది ఇక్కడే. మేమూ జారాం. మూడు నెలల ఫీజు కట్టాక, చివరికి రాయించేది ఎన్‌ఐఓఎస్ (బడికి వెళ్లకుండా చదివేవాళ్లకి కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్ బోర్డు) పరీక్షే అని తెలిసింది. ఆ దరఖాస్తు మనమే పెట్టుకోవచ్చు కదండీ!

2. ఎన్‌ఐఓఎస్‌లో పదికి 14 ఏళ్లు నిండాలి. ఐదు సబ్జెక్టులు, అందులో కనీసం ఒక భాష. తెలుగు ఉంది. రిజిస్ట్రేషన్ 5 ఏళ్లు చెల్లుతుంది, అన్నీ ఒకేసారి రాయక్కర్లేదు. సైన్స్ తీసుకుంటే ప్రాక్టికల్స్ ఉంటాయి.

3. రోజూ పక్కన కూర్చునే మనిషి ఇంట్లో ఉంటే ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు చాలు, వాళ్ల సైట్‌లో ఉచితం. ఇద్దరూ ఆఫీసుకెళ్తే ఆన్‌లైన్ స్కూలే నయం. (మా వాడు కెమెరా ఆపేసి క్రికెట్ చూసేవాడు, అది వేరే సంగతి.)

4. బడి మానిపించే రోజే టీసీ తీసుకోండి. అందులో పుట్టిన తేదీ, పేరు స్పెల్లింగ్ ఆధార్‌తో కలవాలి. కలవకపోతే ఇప్పుడే దిద్దించండి.