మొదటిసారి మ్యాచ్ ప్లే ఆడబోతున్న మేనకోడలికి

కోడలు పిల్లకి అత్త ఆశీస్సులు.

ఇన్నాళ్ళూ గోల్ఫ్‌లో కార్డు పట్టుకుని స్ట్రోకులు లెక్కపెట్టుకునే స్ట్రోక్ ప్లే ఆడావు. వచ్చే నెల మ్యాచ్ ప్లేలో, అంటే ఒక్కొక్కరితో తలపడి ఎవరు ఎన్ని హోల్స్ గెలిచారో లెక్కేసే ఆటలో, దిగుతున్నావనీ, అప్పుడే టెన్షన్ మొదలైందనీ మీ నాన్న చెప్పాడు. నీ స్వింగ్ సంగతి మీ కోచ్ చూసుకుంటాడు, అందులో నేను వేలు పెట్టను. మ్యాచ్ ప్లే చాలాకాలం ఆడాను, తర్వాత క్లబ్బు మ్యాచ్‌ల వెంట రెఫరీగా తిరిగాను. ఆ చనువుతోనే ఈ ఉత్తరం.

ముందు గ్లెన్నా కాలెట్ గురించి తెలుసుకో. 1903లో అమెరికాలోని న్యూ హేవెన్‌లో పుట్టి, ప్రావిడెన్స్‌లో పెరిగింది. చిన్నప్పుడు సోదరుడితో బేస్‌బాల్ ఆడేది. పద్నాలుగో ఏట నాన్న వెంట గోల్ఫ్ కోర్సుకి వెళ్ళి, ఇక ఆ ఆటకే అతుక్కుపోయింది. పందొమ్మిదేళ్ళకి, 1922లో, అమెరికా మహిళల అమెచ్యూర్ (డబ్బు కోసం కాకుండా ఆడేవాళ్ళ) ఛాంపియన్ అయింది. ఆ తర్వాత 1925, 1928, 1929, 1930, 1935. మొత్తం ఆరుసార్లు. ఆ లెక్క ఇప్పటికీ ఎవరూ అందుకోలేదు. ఆడవాళ్ళకి ఎల్‌పీజీఏ (మహిళా ప్రొఫెషనల్ గోల్ఫర్ల సంఘం) వచ్చింది 1950లో కాబట్టి, ఆమె రోజుల్లో ఆడపిల్లకి అమెచ్యూర్ టైటిలే పెద్ద టైటిల్. అదీ మ్యాచ్ ప్లేలోనే తేలేది.

ఆ ఆరు కప్పులకన్నా ఆమె ఓడిన మ్యాచ్‌లే నీకు ఎక్కువ పనికొస్తాయి. 1924లో ఆడిన అరవై మ్యాచ్‌లలో యాభైతొమ్మిది గెలిచింది. పోయిన ఆ ఒక్కటీ అమెరికా అమెచ్యూర్ సెమీఫైనల్. ఎదుట మేరీ కె. బ్రౌన్, అప్పటికే మూడుసార్లు అమెరికా టెన్నిస్ ఛాంపియన్. పద్దెనిమిది హోల్స్‌కీ తేలక పంతొమ్మిదో హోల్‌కి వెళ్ళారు. గ్రీన్ (హోల్ చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి) మీద బ్రౌన్ కొట్టిన పట్ (బాల్‌ని నేల మీదే దొర్లించే షాట్) వెళ్ళి గ్లెన్నా బాల్‌కి తగిలి, పక్కకి తిరిగి, నేరుగా హోల్‌లో పడింది. అంతే, మ్యాచ్ అయిపోయింది.

ఆ రోజుల్లో గ్రీన్ మీద బాల్‌ని ఎప్పుడంటే అప్పుడు తీసే వీలు లేదు. నీకు ఉంది. గ్రీన్ మీదకి రాగానే బాల్ ఉన్నచోట గుర్తుకి మార్కర్ పెట్టి బాల్ తీసెయ్. స్ట్రోక్ ప్లేలో గ్రీన్ మీద నుంచి కొట్టిన బాల్ అక్కడే ఉన్న ఇంకో బాల్‌కి తగిలితే కొట్టినవాళ్ళకి రెండు పెనాల్టీ స్ట్రోకులు. మ్యాచ్ ప్లేలో ఆ పెనాల్టీ లేదు, పడితే పడినట్టే. బద్ధకించి బాల్ వదిలేసే పిల్లల్ని చాలామందిని చూశాను.

ఇక అసలు విషయం, ఆధిక్యం. 1929 బ్రిటిష్ మహిళల అమెచ్యూర్ ఫైనల్ స్కాట్లండ్‌లోని సెంట్ ఆండ్రూస్‌లో జరిగింది, ముప్పై ఆరు హోల్స్. ఎదుట ఇంగ్లండ్ అమ్మాయి జాయిస్ వెదర్డ్. గ్లెన్నా మొదటి తొమ్మిది హోల్స్‌నీ 34 స్ట్రోకుల్లో ముగించింది, ఒక దశలో 5 అప్, అంటే ఐదు హోల్స్ ముందుంది. భోజనాల వేళకి అది రెండుకి దిగిపోయింది. మధ్యాహ్నం వెదర్డ్ ముందుకెళ్ళింది. గ్లెన్నా మళ్ళీ కొంత లాక్కొచ్చింది గానీ సరిపోలేదు. పదిహేడో హోల్ దగ్గర 3-1తో ఓడిపోయింది, అంటే వెదర్డ్ మూడు హోల్స్ ముందుంది, ఆడటానికి ఒక్కటే మిగిలింది.

నాకు తెలిసి ఎక్కువ మ్యాచ్‌లు పోయేది ఇలా ముందున్నప్పుడే. 4 అప్ రాగానే ఆడేవాళ్ళ చెయ్యి మారిపోతుంది. అంతవరకు డ్రైవర్ (అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్) తీసిన హోల్‌లో చిన్న క్లబ్ తీస్తారు, పట్‌ని హోల్ దాకా పోనివ్వకుండా ముందే ఆపుతారు, మాటిమాటికీ ఎదుటివాళ్ళ బాల్ ఎక్కడుందా అని చూస్తారు. నువ్వు ఆ హోల్‌ని మామూలుగా ఎలా ఆడతావో అలాగే ఆడు. ఎదుటి పిల్ల బాల్ చెట్లలో పడిందనుకో, అప్పుడు ఫెయిర్‌వే (హోల్ వైపు పోయే కత్తిరించిన గడ్డి దారి) మీద జాగ్రత్త పడు, అది తెలివి. 4 అప్ ఉన్నావు కదా అని జాగ్రత్త పడటం మాత్రం భయమే.

వెనకబడినా బెంబేలెత్తకు. ఒక హోల్‌లో పది కొట్టినా పోయేది ఆ ఒక్క హోలే, స్ట్రోక్ ప్లేకి లేని సుఖం ఇది. చెత్తగా ఆడిన హోల్‌ని అక్కడే వదిలేసి తర్వాతి టీ (హోల్ ఆట మొదలుపెట్టే చోటు) మీదకి నడువు.

డ్రాలో (ఎవరితో ఎవరు ఆడాలో చెప్పే పట్టికలో) పేరు చూసి లెక్కలు వెయ్యకు. 1928 అమెరికా అమెచ్యూర్ ఫైనల్లో వర్జీనియా వాన్ వీని గ్లెన్నా 13-12తో చిత్తు చేసింది. పేరుకే ముప్పై ఆరు హోల్స్, ఇరవై నాలుగుకే తేలిపోయింది. 1930 ఫైనల్లోనూ ఆమెనే ఓడించింది. 1932 ఫైనల్లో అదే వాన్ వీ చేతిలో 10-8తో తను ఓడింది. నిన్న నువ్వు తేలిగ్గా ఓడించిన పిల్ల ఈ ఏడాది ఏ నెట్స్‌లో ఎన్ని బంతులు కొట్టిందో నీకేం తెలుసు?

1935 నాటికి గ్లెన్నాకి ముప్పై రెండేళ్ళు, పెళ్ళయి పిల్లలున్నారు. ఫైనల్ మినియాపొలిస్ దగ్గర ఇంటర్‌లాకెన్‌లో. ఎదుట పదిహేడేళ్ళ పాటీ బెర్గ్, పైగా అది ఆ అమ్మాయి సొంత కోర్సు. గ్లెన్నా 3-2తో గెలిచింది. తర్వాత బెర్గ్ ఎల్‌పీజీఏ తొలి అధ్యక్షురాలైంది. ఏడాదిలో సగటు స్కోరు అందరికన్నా తక్కువ ఉన్న ప్రొఫెషనల్‌కి గ్లెన్నా పేరు మీద వేర్ ట్రోఫీ ఇస్తారు (వేర్ ఆమె అత్తింటి పేరు). 1953లో మొదటిసారి దాన్ని అందుకున్నదీ బెర్గే. నాకు ఈ ముక్క భలే నచ్చుతుంది.

ఇంకో రూల్. మ్యాచ్ ప్లేలో వరుస తప్పి ముందు కొడితే పెనాల్టీ ఉండదు గానీ, ఎదుటివాళ్ళు వెంటనే ఆ షాట్ రద్దు చేయించొచ్చు. నీ షాట్ బాగా పడితే తప్పకుండా చేయిస్తారు. ఎవరి వంతో అనుమానమొస్తే అడిగాకే కొట్టు.

మీ నాన్న వెంట వస్తానంటున్నాడు. బ్యాగు మోస్తే క్యాడీ అవుతాడు, అప్పుడు ఎన్నయినా మాట్లాడుకోండి. ఊరికే చూడ్డానికొస్తే మాత్రం రౌండు మధ్యలో ‘ఏ క్లబ్ కొట్టమంటావు నాన్నా’ అని అడిగావో, ఆ హోల్ పోయినట్టే. ఆయన నోరు ఊరుకోదని నాకు తెలుసు, బ్యాగు ఇచ్చెయ్. డ్రా రాగానే ఫోన్ చెయ్యి.

మీ అత్త