క్షమాపణ దొరికాక కూడా బాకీ తీరుస్తూనే ఉన్నారు

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. ఆరేళ్ల క్రితం మావారికి తెలియకుండా అప్పులు చేశాను, అడిగినప్పుడల్లా అబద్ధం చెప్పాను. బయటపడ్డాక ఆయన చాలా బాధపడ్డారు గానీ క్షమించారు. ఇద్దరం కలిసి అప్పంతా తీర్చేశాం. దేవుని దగ్గర ఎన్నిసార్లు ఒప్పుకున్నానో లెక్కలేదు. వారానికి రెండు రోజులు ఉపవాసం, తెల్లవారుజామున గంట ప్రార్థన. ఒక్కరోజు తప్పినా ఏదో కీడు జరుగుతుందని భయం. ప్రభువు బల్లలో, అంటే సంఘంలో రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకోవడంలో, పాలుపొంది ఏడాది దాటింది. ఈమధ్య మా పదహారేళ్ల అబ్బాయి మార్కుల గురించి అబద్ధం చెప్పాడు. నెల దాటినా వాడితో సరిగా మాట్లాడలేకపోతున్నాను. కృప గురించి ఎంత విన్నా అది నాకోసం కాదనిపిస్తోంది.

జవాబు: అమ్మా, మీ అపరాధభావం, అబ్బాయి మీద మీ కోపం ఒకే వేరు నుంచి వస్తున్నాయి. ముందు అది చూద్దాం.

మత్తయి 18లో ప్రభువు చెప్పిన దాసుడి ఉపమానం మీకు తెలిసిందే. అతను రాజుకు పడిన బాకీ పదివేల తలాంతులు. ఒక తలాంతు సుమారు 6,000 దేనారాలు, దేనారం అంటే కూలివాడి ఒకరోజు కూలి. మొత్తం ఆరు కోట్ల రోజుల కూలి. ఏడాదికి 300 రోజులు పనిచేసినా రెండు లక్షల ఏళ్లు పడుతుంది. అంత బాకీ నెత్తిన పెట్టుకుని అతడు అడిగింది గడువు: “నాయెడల ఓర్చుకొనుము, నీకు అంతయు చెల్లింతును.” రాజు గడువు ఇవ్వలేదు, బాకీయే కొట్టేశాడు. అయినా అతడు బయటికి వచ్చి నూరు దేనారాల కోసం తోటిదాసుడి గొంతు పట్టుకున్నాడు. బాకీ పోయిందన్న మాట చెవిన పడినా, లోపల ఇంకా ‘చెల్లిస్తాను’ అంటున్న మనిషే మిగిలాడని నాకు అనిపిస్తుంది. తాను కడుతూనే ఉన్నాననుకునే మనిషి ఎదుటివాళ్ల దగ్గర కూడా పైసాతో సహా రాబడతాడు. మీరు ఉపవాసాలతో దేవునికి కడుతున్నారు, మౌనంతో అబ్బాయి దగ్గర వసూలు చేస్తున్నారు.

పదే పదే ఒప్పుకోవడం ముందు ఆపాలి. ఒక్కసారి, ఆఖరుసారి, కాగితం మీద రాయండి: ఎవరికి ఏ అబద్ధం చెప్పారు, ఎవరికి ఏం నష్టం జరిగింది. “నేను ఘోరపాపిని” లాంటి మాటలు వద్దు. పేరులేని పాపాన్ని ఎన్నిసార్లు ఒప్పుకున్నా ఇంకేదో మిగిలిందనే అనిపిస్తుంది. రాసింది దేవుని ముందు చదవండి. గుట్టు దాచగల విశ్వాసి ఒకరు పక్కన ఉంటే మేలు. ఇది సంఘంలో సాక్ష్యం చెప్పుకోవడానికి కాదు. మన పాపాలు ఒప్పుకుంటే దేవుడు క్షమిస్తాడనే 1 యోహాను 1:9 చదివి, తేదీ వేసి, కాగితం చింపేయండి. ఆ తర్వాత అదే తప్పు గుర్తొస్తే మళ్లీ ఒప్పుకోకండి, ఒక్క వాక్యంలో కృతజ్ఞత చెప్పి చేతిలో పనికి వెళ్లండి. మొదట్లో భయం ఇంకా పెరిగినట్టుంటుంది. ఒప్పుకున్న ప్రతిసారీ కాసేపు ఊరట దొరికి, తర్వాత అనుమానం మరింత బలంగా వస్తోంది. ఊరట కోసం పరుగెత్తకుండా ఉంటే ఆ భయం దానంతటదే దిగుతుంది.

ఉపవాసం నాలుగు వారాలు పూర్తిగా ఆపండి. ఆపాలంటేనే కీడు జరుగుతుందని వణుకు పుడితే, ఇన్నాళ్లూ దాన్ని జరిమానాగా కట్టారని తెలిసిపోతుంది. లూకా 18లో తన భక్తిని చూసుకుని గర్వపడిన పరిసయ్యుడు కూడా వారానికి రెండుసార్లే ఉపవాసం చేశాడు. నీతిమంతుడిగా ఇంటికి వెళ్లింది మాత్రం “దేవా, పాపినైన నన్ను కరుణించుము” అన్న సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడు. ప్రార్థన ఇరవై నిమిషాలు చాలు. ఒకరోజు తప్పితే మర్నాడు రెట్టింపు చేయకండి.

బల్లకు దూరంగా ఉండటం భక్తి అనుకుంటున్నారు. 1 కొరింథీ 11లో పౌలు గద్దించింది, బీదవాళ్లు ఆకలితో ఉండగా తమ భోజనం తామే ముందుగా తినేసినవాళ్లను. తనను తాను పరీక్షించుకున్నవాడు ఆ రొట్టె తినాలనే అక్కడ రాశాడు. ఈసారి బల్ల ఇచ్చినప్పుడు చేయి చాపండి. చేయి వణికినా ఫర్వాలేదు.

మీవారి విషయం వేరు. దేవుని క్షమాపణ పుచ్చుకునేది, మనిషి నమ్మకం మాత్రం రోజూ కొంచెం కొంచెంగా కట్టుకోవాల్సింది. నెలకో రోజు ఖాయం చేసుకుని, ఆయన అడగకముందే ఖాతాలు, చెల్లింపులు అన్నీ ముందు పెట్టండి. ఎప్పుడైనా ఆయన అనుమానంగా చూస్తే “క్షమించానన్నారుగా” అనకండి. అన్యాయంగా డబ్బు గుంజిన సుంకరి జక్కయ్య కథలో వరస గమనించండి: ముందు యేసు అతని ఇంట్లో ఉండాలన్నాడు, ఆ తర్వాతే జక్కయ్య నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. మీరు ఆ వరసను తిరగేశారు.

అబ్బాయితో ఈ రోజే మాట్లాడండి, రేపటికి వాయిదా వేయకండి. తప్పుకు ఫలితం ఉండాలి, కానీ దానికి గడువూ ఉండాలి. “రాబోయే రెండు పరీక్షల మార్కుల పత్రాలు నువ్వే తెచ్చి నాన్నకు చూపించాలి, అంతటితో ఈ విషయం అయిపోయింది” అని చెప్పండి. అయిపోయిందన్నాక నిజంగానే అయిపోవాలి, ఇంకో గొడవలో దాన్ని తవ్వకూడదు. మీవారు ఒప్పుకుంటే మీ పాత తప్పును కూడా రెండు మాటల్లో చెప్పండి, వివరాలు వద్దు.

ఇంత సులువుగా క్షమిస్తే పాపానికి ధైర్యం రాదా అని మీకు అనిపించవచ్చు. రోమా 6 ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది. కృప భక్తిహీనతను వదలమని నేర్పుతుందని తీతు 2:12. ఒక గుర్తు పెట్టుకోండి: కృపను నమ్మినవాళ్లు లెక్కలు తెరిచి చూపిస్తారు, కృపను అడ్డం పెట్టుకునేవాళ్లు దాస్తారు. మళ్లీ ఏదైనా దాచాలనిపిస్తే ఆ రోజే మీవారికి చెప్పండి.

చివరగా ఒకటి. ఈ ఆలోచనలు రోజుకు గంటకు మించి పడుతున్నా, నిద్ర చెడినా, ప్రార్థన సరిగ్గా వచ్చిందో లేదో అని మళ్లీ మళ్లీ మొదలుపెడుతున్నా, మానసిక వైద్యుణ్ణి కలవండి. అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ కొందరిలో పాపభయం రూపంలోనే వస్తుంది. దానికి మందులు, థెరపీ ఉన్నాయి, అది విశ్వాసం తక్కువై వచ్చేది కాదు. మొదటిసారి వెళ్లేటప్పుడు మీవారిని వెంట తీసుకెళ్లండి. మీరు చెప్పలేకపోయినవి ఆయన చెబుతారు.