చోక్ తీయగానే ఆగిపోయే చైన్‌సా

ప్రశ్న: మా నాన్నగారు వాడిన చైన్‌సా నా దగ్గరుంది. 20 ఏళ్లు పైబడిన మిషన్. మూడేళ్లుగా మూలన పడి ఉంది. ఈ మధ్య కొత్త పెట్రోల్ కలిపి పోసి తాడు లాగితే చోక్ మీద స్టార్ట్ అయింది. చోక్ తీసి రేస్ ఇస్తే మాత్రం వెంటనే ఆగిపోతోంది. ప్లగ్ మార్చాను, ఎయిర్ ఫిల్టర్ కడిగాను, తేడా లేదు. చూసినవాళ్లంతా కార్బొరేటర్ పోయింది, కొత్తది వేసెయ్ అంటున్నారు. కొనమంటారా, పాతదే బాగవుతుందా? బైక్ పనులు కొద్దిగా వచ్చు నాకు.

జవాబు: ఇప్పుడే కొనకండి. చోక్ మీద నడుస్తోందంటే మీ ఇంజన్ బతికే ఉంది. చోక్ వేస్తే గాలి దారి మూసుకుపోయి పెట్రోల్ ఎక్కువగా లాగుతుంది. తీయగానే ఆగిపోతోందంటే గాలికి తగినంత పెట్రోల్ అందట్లేదు. పెట్రోల్ రావడమైనా తగ్గి ఉండాలి, ఎక్కడినుంచో అదనపు గాలైనా దూరుతుండాలి. ఈ రెండిటిలో ఏదో తేలకుండా కొత్త కార్బొరేటర్ బిగిస్తే మళ్లీ ఇదే కథ.

ముందు ట్యాంక్ దగ్గర మొదలుపెట్టండి. మూత కొంచెం వదులు చేసి స్టార్ట్ చేయండి. అప్పుడు బాగా నడిస్తే ట్యాంక్‌లోకి గాలి వెళ్లే దారి మూసుకుపోయినట్టే, కార్బొరేటర్ జోలికి పోనక్కర్లేదు. తర్వాత కొక్కెంలా వంచిన తీగతో లోపలి ఫిల్టర్‌ని పైకి లాగి చూడండి. నల్లగా, జిగటగా ఉంటే మార్చేయండి. ఆ ఫిల్టర్‌కున్న రబ్బరు పైపును వేళ్లతో వంచి పరీక్షించాలి. ట్యాంక్ గోడలోంచి బయటికి వచ్చే చోటే అది ఎక్కువగా పగులుతుంది. మామూలుగా చూస్తే బాగానే కనిపిస్తుంది, వంచితే పగులు నోరు తెరుస్తుంది. పాత రంపాల్లో కార్బొరేటర్ మీదికి వచ్చే నిందల్లో చాలావాటికి అసలు దోషి ఈ పైపే.

కార్బొరేటర్‌కీ సిలిండర్‌కీ మధ్య చాలా మోడళ్లలో ఒక రబ్బరు గొట్టం ఉంటుంది. దాన్ని తప్పకుండా చూడమని మరీ మరీ చెబుతున్నాను. చాలా ఏళ్ల క్రితం ఒకాయన రంపం తెస్తే కార్బొరేటర్ లోపల మార్చే విడిభాగాల కిట్ వేసి, చక్కగా ట్యూన్ చేసి ఇచ్చాను. మర్నాడు పిస్టన్ గీతలు పడి, సీజ్ అయి తిరిగొచ్చింది. ఆ గొట్టానికి వెంట్రుకంత పగులుంది, నేను చూడలేదు. ఆ రంపం మీదే ఆయన బతుకు. టూ స్ట్రోక్ ఇంజన్‌కి ఆయిల్ పెట్రోల్‌తో కలిసే వస్తుంది, పెట్రోల్ తగ్గితే ఆయిల్ కూడా తగ్గినట్టే. అదనపు గాలి పిస్టన్‌ని చంపేది అలాగే. అప్పటినుంచి ఆ గొట్టాన్ని విప్పి, వెలుతురులో సాగదీసి చూడకుండా ఏ రంపాన్నీ మూయలేదు.

ఇవన్నీ బాగుంటే కార్బొరేటర్ విప్పండి. ప్లగ్ వైరు తీసి, ట్యాంక్ ఖాళీ చేసి, నిప్పుకు దూరంగా కూర్చోండి. బైక్ కార్బొరేటర్ తెలుసన్నారు కాబట్టి ఒక మాట. ఇందులో పెట్రోల్ గిన్నె, ఫ్లోట్ ఉండవు. రంపాన్ని పక్కకు వంచినా తలకిందులు చేసినా నడవాలి కదా, అందుకని డయాఫ్రంలు అనే రెండు పల్చటి పొరలు పెట్టారు. ఇంజన్ లోపల పిస్టన్ కదలికతో పుట్టే ఒత్తిడి ఒకదాన్ని ఆడిస్తుంది, ట్యాంక్ నుంచి పెట్రోల్ లాగే పంపు అదే. రెండోది ఒక చిన్న లివర్‌ని నొక్కి, పెట్రోల్ దారిని మూసి ఉంచే నీడిల్‌ని తెరిచి, ఇంజన్‌కి కావలసినంత పెట్రోల్ లోపలికి వదులుతుంది. ఏళ్ల తరబడి ఎండిపోయాక ఇవి గట్టిపడతాయి. వేలితో మెల్లగా నొక్కితే మెత్తగా లొంగాలి. ప్లాస్టిక్ కాగితంలా పటపటమంటే దాని పనైపోయింది. మూడేళ్లు పడి ఉన్న మీ రంపంలో జరిగింది ఇదేనని నా గట్టి నమ్మకం.

విప్పే ప్రతి మెట్టుకీ ఫోన్‌తో ఫోటో తీసుకోండి. డయాఫ్రం, ప్యాకింగ్ ఏది ముందు ఏది వెనక అన్నదే ఇక్కడ అందరూ తప్పేది. చాలా కార్బొరేటర్లలో లివర్ వైపు ముందు ప్యాకింగ్, దానిమీద డయాఫ్రం వస్తాయి. పంపు వైపు ముందు డయాఫ్రం, తర్వాత ప్యాకింగ్. మీదాంట్లో ఎలా ఉందో అలాగే పెట్టండి. పంపు డయాఫ్రం కింద గోరంత కూడా లేని జాలీ ఒకటుంటుంది, అది పూడుకుపోయినా మీరు చెప్పిన లక్షణాలే వస్తాయి. లివర్ ఎంత ఎత్తులో ఉందో విప్పకముందే గుర్తుపెట్టుకోండి. ఎక్కువైతే పెట్రోల్ పొంగుతుంది, తక్కువైతే అందదు.

శుభ్రం చేసేటప్పుడు రంధ్రాల్లో తీగ పొడవకండి. స్ప్రే కొట్టేముందు రబ్బరు భాగాలన్నీ తీసేయండి, కళ్లకు అద్దాలు పెట్టుకోండి. ఎయిర్ కంప్రెసర్ పెట్టి బలంగా కొడితే లోపలి చిన్న వాల్వ్ పాడవుతుంది.

కిట్ కొనేటప్పుడు రంపం మోడల్ కాకుండా కార్బొరేటర్ ఒంటి మీద చెక్కిన నంబర్ చూడాలి. వాల్బ్రో, జామా అనేవి కార్బొరేటర్ కంపెనీలు. వాల్బ్రో కిట్ నంబర్ ‘కె’తో మొదలైతే నీడిల్, లివర్, స్ప్రింగ్‌తో సహా పూర్తి కిట్. ‘డి’ అయితే డయాఫ్రంలు, ప్యాకింగ్‌లు మాత్రమే. జామాకి ‘ఆర్‌బి’ పూర్తి కిట్, ‘జిఎన్‌డి’ డయాఫ్రంలది. మీ రంపం వయసుకి పూర్తి కిట్టే తీసుకోండి. నీడిల్ మొన అరిగి ఉంటే కొత్త డయాఫ్రం వేసినా ఫలితం ఉండదు.

ఇక కార్బొరేటర్‌నే మార్చాల్సిన సందర్భాలూ ఉన్నాయి. రేస్ తిప్పే ఇరుసు పట్టుకుని ఊపితే కదులుతుంటే అక్కణ్నుంచి గాలి దూరుతుంది, దానికి కిట్‌తో మందు లేదు. లోపల తెల్లటి పొడి పట్టి లోహం తినేసి ఉంటే కూడా మార్చడమే మేలు. కొత్తది ఒంటి మీద నంబర్, రేస్ లింకు ఉన్న వైపు, ఇంజన్ ఒత్తిడి వచ్చే చిన్న రంధ్రం, ఈ మూడూ పాతదానితో సరిపోవాలి. ఆ రంధ్రానికి ప్యాకింగ్ అడ్డుపడితే పంపు అసలు ఆడదు. చౌకగా దొరికేవాటిలో కొన్నిటికి సర్దుకునే స్క్రూలే ఉండవు. అలాంటిది మీ పాత ఇంజన్‌కి సరిపోకపోతే చేయగలిగిందేమీ ఉండదు, కాబట్టి నేనైతే కొనను.

బిగించాక ట్యూనింగ్. పెట్రోల్ పాళ్లు సర్దే స్క్రూలు రెండు, తక్కువ రేస్‌కి ‘ఎల్’, పూర్తి రేస్‌కి ‘హెచ్’. వీటిని విప్పేముందే ఎన్ని చుట్లు ఉన్నాయో లెక్కపెట్టి రాసుకోండి. తెలియకపోతే మెల్లగా లోపలికి ఆనేదాకా తిప్పి, అక్కణ్నుంచి రెండూ ఒక్కో చుట్టు వెనక్కి తిప్పండి. మొదలుపెట్టడానికి అది చాలావాటికి పనికొస్తుంది. బలవంతంగా బిగిస్తే మొన చెడుతుంది. బార్, చైన్ బిగించి ఉండగానే, ఇంజన్ వేడెక్కాకే సర్దాలి. ముందు ‘ఎల్’ తిప్పి, రేస్ ఇచ్చిన వెంటనే తడబడకుండా లేచేలా చూడండి. తర్వాత ఐడ్లింగ్ స్క్రూతో చైన్ పూర్తిగా ఆగేలా చేయాలి. రేస్ వదిలినా చైన్ తిరుగుతుంటే ఆ రంపంతో పని చేయొద్దు.

‘హెచ్’ దగ్గర ఆశపడకండి. లోపలికి తిప్పే కొద్దీ ఈల వేసినట్టు పైకి పాడుతుంది, వినడానికి బాగుంటుంది, పిస్టన్ ఎండిపోతుంటుంది. కొయ్య లేకుండా పూర్తి రేస్‌లో కొంచెం తడిగా, బొంగురుగా వినిపించాలి, కొయ్యలో పెట్టగానే గొంతు శుభ్రం కావాలి. ఖాళీగా పూర్తి రేస్ కొన్ని సెకన్లకు మించి పట్టకండి. ఇంజన్ వేగం కొలిచే టాకోమీటర్ దొరికితే మాన్యువల్‌లో రాసిన వేగానికి సరిపెట్టుకోండి.

ఇంత చేశాకా చోక్ మీదే నడుస్తుంటే ఇంజన్ ఇరుసు చుట్టూ గాలి దూరకుండా ఆపే క్రాంక్ సీళ్లను అనుమానించాలి. వాటిని ప్రెషర్ టెస్ట్‌తోనే తేల్చగలం, అది మెకానిక్‌కి ఇవ్వండి. ఈలోపు రంపాన్ని నడపకండి.

ప్రశ్న: పాత రంపానికి 25:1, కొత్తదానికి 50:1 అంటున్నారు. రెండిటికీ ఒకే డబ్బాలో కలిపి పెట్టుకోవచ్చా?

జవాబు: వద్దు. 25:1 అంటే లీటర్ పెట్రోల్‌కి 40 మిల్లీలీటర్ల ఆయిల్, 50:1 అంటే 20. కొత్తదాంట్లో రెట్టింపు ఆయిల్ పడితే పొగ, ప్లగ్‌కి మసి. పాతదాంట్లో సగమే పడితే పిస్టన్‌కి ప్రమాదం. ఒక్కోదానికి మాన్యువల్‌లో ఏ ఆయిల్, ఏ పాళ్లు చెప్పారో చూసి, రెండు డబ్బాలు పెట్టి, మీద పెద్ద అక్షరాలతో కలిపిన తేదీతో సహా రాయండి. నెల దాటిన మిశ్రమం రంపంలో పోయకండి. నెలలపాటు వాడరనుకుంటే ట్యాంక్ ఖాళీ చేసి, దానంతటదే ఆగేదాకా నడిపి దాచండి.