సమాజంలో ఇమడనివాడికి కళలోనైనా చోటుంటుందా?

"మగవాణ్ణి, నాట్యం నేర్చుకోవాలని ఉంది. ఇంట్లో ఒప్పుకోవడం లేదు, స్నేహితులు నవ్వుతున్నారు. బయట ఇమడలేనివాడికి కళలోనైనా చోటు దొరుకుతుందా? ఉద్యోగం మానేసి వెళ్ళిపోనా?" అని అడిగారు. మాది గుడివాడ దగ్గర పల్లెటూరు. నాన్న రైసుమిల్లులో గుమాస్తాగా చేసేవాడు. నేను పగలు బ్యాంకులో కూర్చుంటాను, పిలుపు వచ్చిన రాత్రి కూచిపూడి భామాకలాపంలో, అంటే కృష్ణుడి మీద అలిగిన సత్యభామ కథ ఆడే నాట్యంలో, సత్యభామ వేషం కడతాను. కాబట్టి నాకు తెలిసినంత చెప్తాను.

చోటు దొరుకుతుందన్న ఆశతో మాత్రం రావొద్దు. బయట ఒక కట్టుబాటుంటే లోపల పది ఉంటాయి. అయినా నేను రమ్మనే అంటాను.

మా ఇంట్లో గొడవ నిజానికి నాట్యం మీద కాదు, మీసం మీద. చిన్నప్పుడు గజ్జె కడితే ఎవరూ ఏమీ అనలేదు, పిల్లాడి సరదా అనుకున్నారు. మీసం మొలిచాక వచ్చింది అసలు తంటా. మా వైపు తండ్రి ఉండగా కొడుకు మీసం తీయడు. తీశాడంటే ఆ ఇంట్లో ఏదో జరగరానిది జరిగిందని ఊరు అనుకుంటుంది. మాస్టారేమో "మూతి మీద నీడ కూడా కనపడకూడదురా, మొహానికి వేషం రంగు, అర్దళం పూస్తే వెంట్రుక ముందు అదే పట్టిస్తుంది" అన్నారు. మా ఊరి సెలూన్‌కి వెళ్తే ఆయన "మీ నాన్నగారున్నారు కదయ్యా, నా చేత్తో నేను తీయను" అని కత్తి కింద పెట్టేశాడు. గుడివాడ వెళ్ళి తీయించుకొచ్చాను. మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నప్పుడు నాన్న నా మొహం చూసి, కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి "నేనింకా పోలేదురా" అని లేచిపోయాడు. ఆ తర్వాత చాలాకాలం నాతో మాటలు లేవు. ఏమన్నా చెప్పాలంటే అమ్మతో "వాడికి చెప్పు" అనేవాడు, నేను పక్కనే ఉన్నా సరే.

దాన్ని తెగ్గొట్టింది అమ్మ. ఒకరోజు గుళ్ళో పూజారిగారి దగ్గరికి వెళ్ళి అడిగింది. దేవుడి కథ ఆడటానికి తీసిన మీసానికి దోషం లేదమ్మా అన్నాడాయన. ఏ శాస్త్రంలో చూసి చెప్పాడో నాకైతే అనుమానమే. నాన్నకి శాస్త్రంతో పనిలేదు. మిల్లు దగ్గర ఎవరన్నా అడిగితే చెప్పడానికి ఒక మాట కావాలి, అది దొరికింది. "పంతులుగారు దోషం లేదన్నార్లే" అని ఆయనే నలుగురికీ చెప్పుకున్నాడు. ఇది మీకు అన్నిటికంటే పనికొచ్చే సంగతి అనుకుంటాను. ఇంట్లోవాళ్ళు చాలావరకు మన మీద పగతో అడ్డుపడరు. టీకొట్టు దగ్గర, పెళ్ళిళ్ళలో, బంధువుల ముందు ఏం చెప్పాలో తెలీక అడ్డుపడతారు. వాళ్ళకొక జవాబు అమర్చిపెట్టండి. వాదన కంటే అది బాగా పనిచేస్తుంది.

స్కూల్లో, కాలేజీలో పడ్డ మాటలు రాయను. మీరు పడుతున్నవే అవి.

విచిత్రమేమిటంటే, నన్ను దేనికి తిట్టారో అదే మా ఊరి నుంచి బస్సు దూరంలో ఉన్న కూచిపూడిలో కొన్ని తరాలపాటు మగవాడికి దక్కే అతి పెద్ద మర్యాద. అక్కడ తరతరాలుగా ఈ ఆట ఆడే భాగవతుల కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగపిల్లాడూ జన్మలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని, భామాకలాపం కట్టిన సిద్ధేంద్రయోగి ఒట్టు పెట్టించుకున్నాడని అంటారు. ఆడవాళ్ళు మేళంలో ఉండేవారు కాదు, సత్యభామ, ఉష, మోహిని అందరూ మగవాళ్ళే. వేదాంతం సత్యనారాయణ శర్మగారికి 1970లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పేరు చెప్తే జనానికి గుర్తొచ్చేది ఆడవేషాలే. నాటకాల వైపు చూస్తే స్థానం నరసింహారావుగారికి 1956లోనే వచ్చింది. ఆయనా ఆడవేషాలకే పేరుపడ్డ మనిషి.

అదే సమయంలో కూచిపూడి గురువు వెంపటి చినసత్యంగారు మద్రాసు చేరి, 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి ఆడపిల్లలకు నేర్పారు. అంతకుముందే వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రిగారు ఆడవాళ్ళకు నేర్పి సొంత ఊళ్ళో మాటలు పడ్డారు. ఒక తరం గడిచేసరికి తిరగబడిపోయింది. ఇప్పుడు ఏ ఊళ్ళో కూచిపూడి క్లాసుకి వెళ్ళినా గది నిండా ఆడపిల్లలే, మూలన ఒక్క మగపిల్లాడు బిక్కమొహం వేసుకుని నిలబడి ఉంటాడు. సత్యనారాయణ శర్మగారు, చినసత్యంగారు ఇద్దరూ 2012లోనే పోయారు. ఆ ఇద్దరి జీవితకాలంలోనే వెలి అయినవాళ్ళు లోపలికొచ్చారు, లోపలివాళ్ళు వెలి అయ్యారు. సత్యభామ మాత్రం అదే సత్యభామ, అవే దరువు పాటలు. అందుకే "నేను అందరిలాంటివాణ్ణి కాదు" అని ఎవరన్నా గర్వంగా చెప్పుకుంటే నాకు కాస్త నవ్వొస్తుంది. నువ్వు మారలేదు నాయనా, గీతే పక్కకి జరిగింది.

ఇక లోపలి సంగతి. నేర్చుకుందామని ఒక పెద్దాయన దగ్గరికి వెళ్తే ఆయన అడిగిన మొదటి మాట "ఇంటిపేరేంటి?" చెప్పాను. ఆ కుటుంబాల్లోది కాదు, ఆ కులమూ కాదు. "సరే, అడుగులు నేర్చుకో" అన్నారు. అడుగులు, తాళానికి కట్టిన అడుగుల వరసలు, అంటే జతులు, బాగానే నేర్పారు, ఆ రుణం ఉంది. సత్యభామ దగ్గరికొచ్చేసరికి మాత్రం "చూద్దాం" అనేవారు. నా వెనక చేరిన కుర్రాడికి, ఇంటిపేరు సరైనది కాబట్టి, ముందు చెప్పారు. స్కూల్లో నేను మగవాళ్ళలో జమ కాదు, ఇక్కడ భాగవతుల్లో జమ కాదు. నిజం చెప్పాలంటే రెండోదే ఎక్కువ నొప్పి పెట్టింది. అది నా ఇల్లనుకుని వెళ్ళాను మరి.

ఆ పాత్ర నాకు చెప్పింది అదే పరంపరలోని ఇంకో మాస్టారు. పంచె కట్టుకుని, బోసి మొహంతో, మంచం మీద కూర్చునే సత్యభామ విరహం పట్టేవారు. సవరం లేదు, జడగంటలు లేవు, చీరా లేదు. చూస్తూ ఉంటే ఆ ముసలాయన ఎక్కడికి పోయాడో తెలిసేది కాదు. ఇంటిపేరు గురించి నేనొకసారి ఏడుపుమొహం పెడితే ఆయన ఓదార్చలేదు. భామ ప్రవేశం గుర్తుచేశారు. మీకు తెలియకపోతే, ఇద్దరు మనుషులు అటూ ఇటూ తెర పట్టుకుంటారు. సత్యభామ దాని వెనక ఉండి తన జడను తెర మీదుగా ఇవతలికి వేస్తుంది. ఆటలో నన్ను గెలవగలిగినవాడుంటే వచ్చి ఈ జడ కోయమని సభకి సవాలు అది. మాస్టారన్నారు: "అప్పుడు నీ మొహం ఎవడికి కనపడుద్దిరా? నీ ఇంటిపేరు ఎవడికి కనపడుద్ది? పైన జడ, కింద పాదాలు, అంతే. జడ ఎలాగూ సవరమే. పాదం తప్పిందనుకో, అది మాత్రం అందరికీ కనపడుద్ది."

నేను రమ్మని చెప్పడానికి కారణం అదే. ఊళ్ళో, ఇంట్లో, చివరికి గురువు గడపలో కూడా నన్ను నేను కానిదానితో కొలిచారు. తెర పట్టుకున్న ఆ కాసేపు మాత్రం తాళంతోనే కొలుస్తారు. తాళానికి నా మీద ప్రేమా లేదు, పగా లేదు. అయితే దీని బదులు అది అడిగేది తక్కువేం కాదు. బయట ఎవరి మాటా విననివాడు కూడా ఇక్కడ అరమండి (మోకాళ్ళు వంచి నిలబడే తీరు) దగ్గర, చూపు దగ్గర, వేలి కొస దగ్గర చెప్పింది చెప్పినట్టు వినాలి. "నా ధోరణి నాది" అనుకుంటూ వచ్చిన కుర్రాళ్ళు చాలామంది అడుగుల దశలోనే మానేయడం చూశాను. ఎదిరించడం సరదాగా ఉంటుంది, అదే అడుగు మళ్ళీ మళ్ళీ మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, వేయడం సరదాగా ఉండదు.

నన్ను ఎవరన్నా "సమాజాన్ని ఎదిరించారండీ" అంటే ఒప్పుకోను. ఎదిరించడం, వెలిపడటం అంటే ఏమిటో గోదావరి జిల్లాల్లో ఆటపాటలే వంశవృత్తిగా ఉన్న కళావంతుల స్త్రీలని అడగాలి. మా మగవాళ్ళు ఆడవేషం కట్టి ఆడిన భామాకలాపాన్నే వాళ్ళు ఆడవాళ్ళుగా ఆడారు. క్షేత్రయ్య పదాలకి కూర్చుని అభినయం పట్టడంలో వాళ్ళని మించినవాళ్ళు లేరంటారు. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ నిషేధ చట్టం తెచ్చింది. ఆలయానికి అంకితమివ్వడాన్ని ఆపడం దాని ఉద్దేశం, ఆ ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. దాంతోపాటు ఆటా పోయింది. మా ఇళ్ళల్లో "భోగంమేళం" అనేది తిట్టయి కూర్చుంది. ఆ తర్వాత నాట్యగురువు నటరాజ రామకృష్ణగారు ఆ వృద్ధ కళాకారిణులను వెతికి పట్టుకుని, వాళ్ళ దగ్గరున్నది నేర్చుకుని, ఆంధ్రనాట్యం పేరుతో మళ్ళీ వేదిక ఎక్కించారు. వేదిక మీదికి ఎక్కువగా వచ్చింది వేరే ఇళ్ళ పిల్లలు. నేను రాత్రి అర్దళం కడుక్కుని పొద్దున్నే బ్యాంకు కౌంటర్ వెనక కూర్చోగలను. వాళ్ళు దేన్ని కడుక్కోగలిగారు? మీ వెలి ఎంత పెద్దదో లెక్కేసుకునేటప్పుడు ఇది కూడా పక్కన పెట్టుకోండి, మనసు కొంచెం తేలికపడుతుంది.

ఇంకొక ఉచ్చు ఉంది, అది తర్వాత వస్తుంది. కొంచెం పేరొచ్చాక జనం మీ తేడానే కొనడం మొదలుపెడతారు. ఆట అయిపోగానే యాంకర్ మైకు పట్టుకుని "నమ్మగలరా, ఇంతసేపూ మీరు చూసింది ఒక మగవాణ్ణి!" అంటుంది. చప్పట్లు మారుమోగిపోతాయి. లేఖ రాసే ఘట్టంలో నేను చెమటోడ్చినప్పుడు రాని చప్పట్లవి. నిర్వాహకులు ఫోన్ చేసి "మొత్తం వద్దండీ, మేకప్ వేసుకోవడం, తీసేయడం కూడా స్టేజి మీదే చూపిస్తే బాగుంటుంది" అంటారు. డబ్బు కూడా బాగానే ఇస్తారు. నేను వెళ్ళను. వెళ్ళినవాళ్ళని తప్పుపట్టను, ఇల్లు గడవాలి కదా. కానీ మీసం తీసినందుకు తిట్టడం, మీసం లేనందుకు చప్పట్లు కొట్టడం, ఈ రెండింట్లోనూ ఎవరూ ఆట చూడటం లేదు. ఇప్పుడు నేను ముందే చెప్తాను: పరిచయంలో సత్యభామ పాత్రధారి అని పేరు చదవండి చాలు, మగా ఆడా ఎందుకు?

పెళ్ళి సంగతి కూడా చాలామంది అడుగుతారు. రెండు మూడు సంబంధాలు వీడియో చూసి వెనక్కి పోయాయి. వెనక్కి పోని సంబంధమే చేసుకున్నాను. ఇప్పుడు తెర ఒక కొస పట్టుకునేది మా ఆవిడే.

ఉద్యోగం మానకండి. మగ నర్తకుడికి ట్యూషన్లు తక్కువ వస్తాయి, ఆడపిల్లల తల్లిదండ్రులు మగ టీచర్ అనగానే ఆలోచిస్తారు. ఆ జీతం ఉంటేనే మీకు నచ్చని పిలుపుని కాదనగలరు. పద్ధతిగా చదవాలనుంటే హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో నాట్యంలో పీజీ ఉంది, అందులో కూచిపూడి తీసుకోవచ్చు. అంతకుముందు కనీసం అడుగులు, జతులు ఒక గురువు దగ్గర గట్టిపడాలి. చేరేముందు ఫీజుతోపాటు ఇంకో రెండు మాటలు అడగండి: మగవాళ్ళకి స్త్రీ పాత్రలు చెప్తారా, బయటి కుటుంబాలవాళ్ళకి కలాపాలు పూర్తిగా చెప్తారా. చెప్పం అంటే మొహమాటపడకుండా ఇంకొకరిని చూసుకోండి. మీరు ఏ ఊళ్ళో ఉంటారో కింద రాస్తే, ఆ చుట్టుపక్కల అలా చెప్పేవాళ్ళు నాకు తెలిసినంతలో ఎవరున్నారో కనుక్కుంటాను.