గేటు సంగతి వదిలేయకు

తమ్ముడూ,

వాతావరణ మార్పు మీద నువ్వు రాసిన వ్యాసం శ్రద్ధగా చదివాను. చెయ్యేరు వరద గురించి రాసిన చోట నీ కోపం నిజమైనది, దాన్ని అలాగే ఉంచుకో. కానీ 2021 నవంబరులో ఆ ఏటి మీదున్న అన్నమయ్య ప్రాజెక్టు ఆనకట్ట కొట్టుకుపోవడానికి కారణం వాతావరణ మార్పేనని ఒక్క వాక్యంలో తేల్చేశావు. అది నాకు మింగుడు పడలేదు.

వాయుగుండం, కుండపోత వాన నిజమే. పైనున్న పింఛా ప్రాజెక్టు కట్ట ముందే తెగి ఆ నీళ్లూ వచ్చి పడ్డాయి. అయితే అన్నమయ్య ప్రాజెక్టు స్పిల్‌వేకు, అంటే ఎక్కువైన నీళ్లు వదిలే దారికి, ఉన్న ఐదు గేట్లలో ఒకటి పనిచేయలేదని కేంద్ర మంత్రే రాజ్యసభలో చెప్పారు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది, అందుకే కుండపోత వానలు పెరుగుతాయి. సైన్స్ చెప్పేది అంతవరకే. గేటుకు రిపేరు ఎందుకు కాలేదో చెప్పాల్సింది మనుషులు. పులపత్తూరు, మందపల్లిలో ఇళ్లు పోయినవాళ్ల తరఫున ఆ ప్రశ్న అడగాల్సిన నువ్వు ఆకాశం వైపు వేలు చూపించావు. బాధ్యత తప్పించుకోవాలనుకునే వాళ్లకు కావలసిందీ అదే.

కరువు విషయంలోనూ అంతే. 1876–78 కరువుకు కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు అల్లాడిపోయాయి. అనంతపురం అప్పటికి బళ్లారి జిల్లాలోనే ఉంది. సీమలో ప్రతి కరువునూ వాతావరణ మార్పు ఖాతాలో వేస్తే, చరిత్ర తెలిసిన పాఠకుడు నీ మిగతా మాటలు కూడా నమ్మడు.

మరి కొత్తగా వచ్చింది ఏమిటో ఎలా పట్టుకోవాలి? పేపర్లో ‘జిల్లాలో సాధారణ వర్షపాతం’ అని వార్త వస్తుంది చూడు, అక్కడ మొదలుపెట్టు. వాతావరణ శాఖ లెక్కలో 19 శాతం తక్కువ పడినా అది సాధారణమే. చెనక్కాయకు ఊడలు దిగే వేళ నెల రోజులు చినుకు లేక, పంటంతా పోయాక నాలుగు రోజులు దంచికొట్టినా మొత్తం లెక్క సరిపోతుంది. రైతు మాత్రం మునిగిపోతాడు. కాబట్టి మొత్తం ఎంత అని అడిగి ఊరుకోకు. వానకూ వానకూ మధ్య ఎన్ని రోజుల ఎడం వచ్చిందో, పాతికేళ్ల కిందట ఎంత ఉండేదో మండలం వారీగా అడుగు.

టీవీ వాళ్లలాగా ‘వాతావరణ మార్పు ఉందా, లేదా’ అని ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టకు. శాస్త్రవేత్తలు తప్పులు చేయరా? చేస్తారు. హిమాలయాల మంచు 2035కల్లా కరిగిపోవచ్చని, వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల సంఘమైన ఐపీసీసీ 2007 నివేదికలో రాశారు. మన పర్యావరణ శాఖ 2009లో భూగర్భ శాస్త్రవేత్త వి.కె. రైనా చేత రాయించిన పత్రం ఆ మాటకు ఎదురు నిలిచింది. అప్పటి ఐపీసీసీ అధ్యక్షుడు పచౌరీ దాన్ని ‘వూడూ సైన్స్’ అని తీసిపారేశారు. చివరికి 2010 జనవరిలో ఐపీసీసీయే తప్పు ఒప్పుకుంది. కానీ తప్పింది ఆ సంవత్సరం. మంచు కరగడం అబద్ధం కాలేదు. 1901 నుంచి 2018 మధ్య దేశం సగటున 0.7 డిగ్రీలు వేడెక్కిందని 2020లో కేంద్ర భూవిజ్ఞాన శాఖే నివేదిక ఇచ్చింది.

మన దేశంలో అసలు తగవు భారం ఎవరు మోయాలన్నది. ధనిక దేశాల విలాసాల పొగనూ, పేద రైతు వరిమడి నుంచి వచ్చే వాయువునూ ఒకే గాటన కట్టొద్దని 1991లోనే పర్యావరణవేత్తలు అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ వాదించారు. 2021లో గ్లాస్గోలో జరిగిన ప్రపంచ వాతావరణ సదస్సులో బొగ్గు వాడకాన్ని పూర్తిగా ఆపడం కాదు, క్రమంగా తగ్గించడం అని మన ప్రభుత్వం పట్టుబట్టింది. దేశాల మధ్య ఆ వాదన న్యాయమైనదేనని నేను గట్టిగా నమ్ముతాను. అదే న్యాయం ఇంట్లో కూడా అడగాలి కదా! కలమళ్ల దగ్గర ఆర్‌టీపీపీ (రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం) బూడిద ఎవరి చేలమీద పడుతోంది? గని, శకునాల ఊళ్ల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది, మంచిదే. ఆ నేలల్లో కూలి చేసుకున్నవాళ్లకు ఇప్పుడు పని ఎక్కడ? ఢిల్లీ విలేకరికి ఈ ఊళ్ల పేర్లు తెలియవు. నీకు తెలుసు.

చెయ్యేరు భాగం మళ్లీ రాయి. గేటుతో మొదలుపెట్టు, వాన సంగతి తర్వాత. రాజంపేట వెళ్లేముందు ఫోన్ చెయ్యి. ఇరిగేషన్‌లో రిటైరైన ఇంజనీరు ఒకాయన ఉన్నారు, మాట్లాడిస్తాను.

ఉంటాను,
అన్న
కడప