ట్యాగు తీయని చొక్కాకి నెలనెలా వడ్డీ

పర్లాకిమిడి నుంచి 27 ఏళ్ల పాఠకుడు రాశారు. ప్రైవేటు కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు, జీతం 23,000. ఇంట్లో 9,000 ఇస్తారు. ఫోను వాయిదా 2,750, ఇంకా ఐదు నెలలుంది. పెట్రోలు, రీచార్జి, టిఫిన్లు కలిపి 3,500. క్రెడిట్ కార్డు బాకీ 58,000. ప్రతినెలా మినిమమ్ డ్యూ, అంటే బ్యాంకు కనీసం కట్టమనే మొత్తం, 2,900 కట్టేస్తున్నారు, మిగిలింది బట్టలకీ బూట్లకీ పోతోంది. రాత్రిపూట ఫోనులో స్టైల్ వీడియోలు చూడటం అలవాటట. బీరువాలో ఎనిమిది చొక్కాలు, అందులో మూడింటికి ట్యాగు కూడా తీయలేదని ఆయనే రాసుకున్నారు. ప్రశ్న ఏమిటంటే: 'ఒక యాప్ 60,000 అప్పు ఇస్తానంటోంది. అది తీసుకుని కార్డు మూసేసి, నెలకి 2,000 సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టుబడి) మొదలుపెట్టనా?'

వద్దు. యాప్ అప్పూ వద్దు, సిప్పూ ఇప్పుడు వద్దు. ఈ ఉత్తరానికి ఇంత వివరంగా జవాబు రాయడానికి కారణం ఉంది. బరంపురంలో నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లలో చాలామంది కథ ఇదే. చేతిలో నెల ఖర్చుకి డబ్బుండదు, కార్డుకి లిమిట్ మాత్రం ఉంటుంది. ఆ లిమిట్‌నే పొదుపు అనుకుంటారు.

మీ కార్డు స్టేట్‌మెంటులో వడ్డీ నెలకి 3.6 శాతం అని ఉంది. 58,000 మీద అది 2,088. దానిమీద 18 శాతం జీఎస్టీ 376. మొత్తం 2,464. మీరు కట్టే 2,900లో అసలుకి చేరేది 436 రూపాయలు! పోయిన నెల 2,199 పెట్టి బూట్లు కొన్నారు, '45 రోజులు వడ్డీ లేదు కదా' అని. పాత బాకీ మోస్తున్న కార్డుకి ఆ 45 రోజులు వర్తించవు. గీసిన రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. అప్పు చేసి పప్పుకూడు తిన్నవాడికి పప్పన్నా కడుపులో పడింది. మీ మూడు చొక్కాలు ఒంటిమీదకే రాలేదు.

ఇక యాప్ సంగతి. 60,000లో ఫీజులు పోను చేతికి వచ్చేది 53,400 అని మీరే రాశారు. కార్డు బాకీ 58,000. మరి కార్డు ఎలా మూస్తారు? పైగా ఫోనులోని నంబర్లన్నీ చూడటానికి అనుమతి అడిగిందట. 2022 సెప్టెంబరు నుంచీ రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అప్పిచ్చే యాప్ మీ కాంటాక్టుల జోలికి రాకూడదు. అడిగిందంటే అక్కడితో ఆపేయండి, ఇంకో మాట లేదు. కార్డు బాకీని బ్యాంకువాళ్లు తక్కువ వడ్డీకి వాయిదాలుగా మారుస్తారేమో అడగొచ్చు. మార్చితే మంచిదే, కానీ ఆ తర్వాత కార్డు గీయకూడదు.

అసలు విషయం అత్యవసర నిధి, అంటే ఆపదకని విడిగా దాచుకునే డబ్బు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. మర్నాడు నా జేబులో రెండు కార్డులున్నాయి, కాగితం డబ్బు 140 రూపాయలు. కరెంటు లేదు, ఏటీఎం లేదు. వీధి చివర కిరాణా ఆయన బియ్యం, కొవ్వొత్తులు అరువిచ్చాడు. నలుగురికి డబ్బు సలహాలు చెప్పేవాణ్ణి, ఆయన ఖాతా పుస్తకంలో నా పేరు ఎక్కింది. మీకైతే తిత్లీ తుపాను గుర్తుండాలి. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటి, మీ గజపతి జిల్లా కొండల్లో ఎంత పని చేసిందో నేను చెప్పక్కర్లేదు. రెండూ అక్టోబరులోనే. ఆన్‌లైన్ దసరా సేల్ పెట్టేదీ దాదాపు ఆ రోజుల్లోనే. మన దగ్గర తుపాను ముందో సేల్ ముందో తెలీదు.

కాబట్టి ఇలా చేయండి. కొత్త కొనుగోళ్లు ఆపితే మీకు నెలకి 7,750 మిగులుతుంది. మొదటి రెండు నెలలు కార్డుకి 2,900 మాత్రమే కట్టి, 4,850 వేరే బ్యాంకు ఖాతాలో వేయండి. అదే మీ నిధి. ఆ ఖాతా ఏ షాపింగ్ యాప్‌కీ కలపొద్దు. రెండు వేలు మాత్రం నోట్లుగా ఇంట్లో పెట్టండి. అంత వడ్డీ పడుతుంటే మొత్తం కార్డుకే కట్టాలి కదా అని లెక్క తెలిసినవాళ్లు అంటారు. కాగితం మీద వాళ్ల మాటే నిజం. కానీ నిధి లేనివాడు బండి చెడినా, అమ్మకి జ్వరం వచ్చినా మళ్లీ ఆ కార్డే గీస్తాడు. ఇది నేను చాలాసార్లు చూశాను. మూడో నెల నుంచి కార్డుకి 7,000, ఫోను వాయిదా తీరాక ఆ 2,750 కూడా దానికే. ఇవాళ్టి నుంచి సుమారు పది నెలల్లో బాకీ తీరుతుంది. ఆ తర్వాత నిధిని మూడు నెలల ఖర్చుకి, అంటే 40,000 దాకా పెంచండి. సిప్ గురించి అప్పుడు రాయండి. ఆరోగ్య బీమా లేకపోతే దాని సంగతి సిప్ కంటే ముందు.

'స్టైల్ కూడా పెట్టుబడే' అని రాశారు. ఆ మాట మీది కాదు, ఏదో వీడియోలోది. చొక్కా ఖర్చు, పెట్టుబడి కాదు. ఖర్చు పెట్టడం నేరమేమీ కాదు, నాకూ వాచీల పిచ్చి ఉంది. కానీ డబ్బు తీసుకుని చేసిన వీడియోమీద అది ప్రకటన అని లేబుల్ వేయాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2021లోనే చెప్పింది. ఈ రాత్రి చూసేటప్పుడు ఆ లేబుల్ ఏ మూల ఉందో వెతకండి. సేవ్ చేసిన కార్డు వివరాలు అన్ని యాప్‌ల నుంచీ తీసేయండి. ట్యాగున్న చొక్కాల్లో వాపసు గడువు ఉన్నది ఏదైనా ఉంటే రేపే పంపేయండి.

చివర్లో స్నేహితుడి పెళ్లికి షేర్వాణీ కొననా అని అడిగారు. తాతగారి బరంపురం పట్టు పంచెల జోడు ఇంట్లో ఉందని అదే ఉత్తరంలో రాశారు కదా. బయటికి తీసి నీడన ఆరేయండి. పట్టు మడతల దగ్గరే చిట్లుతుంది, అంచు పొడవునా ఒకసారి చేత్తో తడిమి చూసుకోండి.