సింగపూర్ జూ, నైట్ సఫారీలకు కలిపి అమ్మే మల్టీ పార్క్ టికెట్ లాభమేనా?

విడిగా కొనాల్సి వచ్చినా కచ్చితంగా చూస్తామనుకునే పార్కులు కనీసం రెండు ఉంటేనే లాభం, లేదంటే ఒక్కదానికే టికెట్ తీసుకోవడం మేలు. కాంబో ధర విడి ధరల మొత్తం కన్నా తక్కువే, కానీ ఆ తగ్గింపు అన్నీ చూసినవాళ్లకే దక్కుతుంది.

నెల్లూరు నుంచి చెన్నై వెళ్లి అర్ధరాత్రి ఫ్లైట్ ఎక్కే కుటుంబాన్నే తీసుకోండి. దిగిన రోజు పొద్దున పిల్లలు నిద్రమత్తులో ఉంటారు. ఈ పార్కులన్నీ ఉన్న సింగపూర్‌లోని మండాయ్ ప్రాంతంలో జూ, నైట్ సఫారీ పక్కపక్కనే ఉంటాయి. జూ సాయంత్రం మూసేస్తారు, సఫారీ చీకటి పడే వేళకే తెరుస్తారు. మధ్యాహ్నం దాకా పడుకుని వెళ్లినా రెండూ చూడొచ్చు, కాబట్టి ఈ రెండింటి టికెట్ గిట్టుబాటే. అక్కడే ఉన్న నదీ జీవుల పార్కు రివర్ వండర్స్, 2023లో తెరిచిన పక్షుల పార్కు బర్డ్ పారడైజ్ కూడా అదే రోజు అంటే కాళ్లు మొరాయిస్తాయి. ఏటా నేలపట్టు పక్షుల కేంద్రానికి పరిగెత్తే పక్షి ప్రియులైతే వేరే సంగతి, వాళ్లు ఇంకో రోజు కేటాయించుకోవాలి.

ఎన్ని పార్కులుంటే అంత ఆదా అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. వెళ్లని పార్కుకు కట్టింది దండగే. పైగా అన్నిచోట్లా ఇలాంటి టికెట్ తగ్గింపు కూడా కాదు: ఓర్లాండో డిస్నీ వరల్డ్‌లో పార్క్ హాపర్ అంటే ఒకే రోజు పార్కులు మారడానికి కట్టే అదనపు డబ్బు.